సిగరెట్ మానడం ఎలా? యావ పుట్టినప్పుడు ఏం చేయాలి?

కార్తీకం వచ్చిందంటే మన ఊళ్ళలో వేలమంది అయ్యప్ప మాల వేసుకుంటారు. వాళ్ళలో రోజుకో పెట్టె ఊదేసేవాళ్ళూ ఉంటారు. మొదటి వారం కాస్త చిరాకు పడతారేమో గానీ 41 రోజులూ సిగరెట్ ముట్టరు. మాల తీశాక మాత్రం చాలామంది మళ్ళీ టీ కొట్టు దగ్గర తేలతారు. రంజాన్ నెలలో ఉపవాసం ఉండేవాళ్ళలోనూ ఇదే చూస్తాం. పగలంతా పొగ జోలికి పోరు, ఇఫ్తార్ అయ్యీ కాగానే మొదటి దమ్ము.

అంటే "నావల్ల కాదండీ" అనేవాళ్ళలో బోలెడుమంది ఇప్పటికే ఒకసారి మానినవాళ్ళే. దీక్షలో భక్తి ఎంత పని చేస్తుందో ఎవరి నమ్మకం వారిది. దాంతోపాటు ఒక ఏర్పాటు కూడా ఉంటుంది. తెల్లవారుజామునే చన్నీళ్ళ స్నానం, మందు బంద్, సాయంత్రం కూర్చునే చోటు వేరు, కూర్చునే మనుషులు వేరు. "రా మామా, ఒక దమ్ము కొట్టొద్దాం" అని పిలిచే స్నేహితుడే ఆ నెలన్నర "స్వామీ" అంటాడు. 41 రోజులకు ఒంట్లో నికోటిన్ అన్నదే మిగలదు. అయినా మళ్ళీ అంటుకుంటుందంటే, లాగింది ఆ చోటు, ఆ వేళ, ఆ మనుషులు. కాబట్టి మాల లేకుండానే అలాంటి ఏర్పాటు చేసుకోవాలి, దాన్ని ఒక్క పూటలో విప్పేయకూడదు. ఈ వ్యాసంలో చెప్పేదంతా దాని గురించే.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో

పొగ లోపలికి పీల్చిన 10 నుంచి 20 సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. దాదాపు రెండు గంటల్లో రక్తంలో అది సగానికి పడిపోతుంది. అప్పుడు మొదలవుతుంది విసుగు, చేతులు ఊరికే ఉండకపోవడం, ఎదుటివాడి మాట తలకెక్కకపోవడం. ఇంకోటి వెలిగిస్తే అవి తగ్గుతాయి. దాన్నే మనం "టెన్షన్ తగ్గింది" అనుకుంటాం. ఆ టెన్షన్‌లో చాలా భాగం ముందు తాగిన సిగరెట్ పెట్టిందే.

పూర్తిగా మానేస్తే రెండో రోజు, మూడో రోజు చాలా కష్టంగా ఉంటుంది. ఆ తర్వాత తగ్గుతూ, రెండు నుంచి నాలుగు వారాల్లో ఒళ్ళు సర్దుకుంటుంది. యావ రోజంతా ఒకే తీరుగా ఉండదు. వస్తుంది, గట్టిగా లాగుతుంది, మూడు నుంచి ఐదు నిమిషాల్లో దిగిపోతుంది. మీరు తాగినా దిగుతుంది, తాగకపోయినా దిగుతుంది.

1. వారం రోజులు రాయండి

ఇప్పుడే మానకండి. ఒక వారం మామూలుగానే తాగుతూ, పెట్టె మీది ప్లాస్టిక్ కవరులో చిన్న చీటీ ఒకటి దోపుకోండి. వెలిగించే ముందే టైము, చోటు, పక్కన ఎవరున్నారు, ఎంత గట్టిగా లాగింది అన్నది రాయాలి. లాగడానికి 1 నుంచి 3 దాకా మార్కులు. ఇలా ఉంటుంది:

ఉదయం 6.40, బాత్రూమ్‌కి ముందు, ఒక్కణ్ణే, 3.
11.15, ఆఫీసు కింద, మా టీమువాళ్ళు, 1.
మధ్యాహ్నం 2.00, భోజనం అయ్యాక, 3.
4.30, టీ కొట్టు, వాళ్ళు వెలిగించారని, 1.

వారం తిరిగేసరికి చీటీలో ఒకట్లు ఎన్నో చూడండి. అవి తోడుకు తాగినవి, వాటికి మందు అక్కర్లేదు, చోటు మారిస్తే చాలు. మూళ్ళు ఉన్న వేళలే అసలు పోరు, వాటికి ముందే ఏర్పాటు కావాలి. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ పడుతోందంటే అలవాటు బాగా ముదిరిందని లెక్క. మొండిగా మానేద్దామనుకోకుండా నాలుగో మెట్టులో చెప్పిన మందుల సాయం తీసుకోండి.

2. తేదీ పెట్టుకోండి

రెండు వారాల లోపు ఒక తేదీ. జనవరి 1 మాత్రం వద్దు. డిసెంబర్ 31 రాత్రి పార్టీలో చివరి సిగరెట్లు పీకల దాకా తాగి, తెల్లారి తలనొప్పితో లేచి మానేస్తానంటే సాయంత్రానికే చేతిలో ఇంకోటి ఉంటుంది. ఇంట్లో పెళ్ళి ఉన్న వారం, ఆఫీసులో మార్చి నెలాఖరు లెక్కల వారం కూడా వద్దు. పెద్దగా హడావుడి లేని మామూలు వారంలో మామూలు రోజు చాలు.

తగ్గించుకుంటూ పోతానంటారా, తగ్గించండి, కానీ సున్నాకు చేరే రోజు కాగితం మీద ఉండాలి. గడువు లేకపోతే నెలాఖరుకు మళ్ళీ పాత లెక్కకే వస్తారు. లైట్ సిగరెట్‌కి మారడం వల్ల ఒరిగేదేమీ లేదు. నికోటిన్ తక్కువ అందేసరికి మనకు తెలియకుండానే దమ్ము లోతుగా లాగుతాం. "బీడీ అయితే చిన్నదే కదా" అనుకోవడమూ అంతే. తునికి ఆకు సరిగా మండదు, ఆరిపోకుండా ఉండాలంటే గబగబా ఎక్కువ దమ్ములు లాగాలి. అందుకే చిన్నదైనా బీడీలో తారు, నికోటిన్ ఎక్కువే లోపలికి పోతాయి.

3. ముందు రోజు రాత్రి పనులు

పెట్టెలు, లైటర్లు, యాష్ ట్రే అన్నీ పారేయండి. బండి డిక్కీ, కారు డ్యాష్‌బోర్డు, ఆఫీసు డ్రాయరు, చలికోటు జేబు వెతకండి. దొరికినవాటిని నీళ్ళలో తడిపి మరీ పారేయండి, రాత్రి పదకొండుకి చెత్తబుట్టలో చెయ్యి పెట్టే అవసరం రాకుండా.

మన దగ్గర పెట్టె పారేస్తే సరిపోదు. వీధి చివర పాన్ డబ్బాలో విడిగా ఒక్కటి ఇస్తారు, వెలిగించుకోను లైటర్ దారానికి వేలాడుతూనే ఉంటుంది. ఫోన్‌పే వచ్చాక చిల్లర లేదన్న వంక కూడా పోయింది. అందుకని రోజూ తాగే కొట్టులో ఖాతా ఉంటే బాకీ తీర్చి మూసేయమనండి. "అన్నా, ఇక నాకు సిగరెట్ ఇవ్వకు" అని నోటితో చెప్పండి. చాలామంది కొట్టువాళ్ళు నవ్వి, నాలుగోరోజు మీరు వెళ్తే ఆ మాట గుర్తుచేస్తారు. ఒక నెల ఆఫీసుకు ఇంకో దారిన వెళ్ళగలిగితే మరీ మంచిది.

స్నేహితులతో "మానేస్తున్నా" అని మాత్రమే అంటే "ఎన్నోసారి రా?" అని ఆటపట్టిస్తారు. కచ్చితంగా ఏం కావాలో అడగండి: "మామా, నెల రోజులు నాకు ఇవ్వొద్దు, నేను అడిగినా ఇవ్వొద్దు." ఇంట్లోవాళ్ళకు కూడా ఒక మాట చెప్పాలి. ఆ రెండు వారాలు కోపం వస్తుంది, మాట తూలుతుంది, పట్టించుకోవద్దని. రోజూ చొక్కా వాసన చూసి నిలదీస్తే పని చెడుతుందని కూడా.

4. మందుల సాయం

దీన్ని చేతకానితనం అనుకునేవాళ్ళు మనలో ఎక్కువ. బీపీకి మాత్ర వేసుకోవడానికి లేని సిగ్గు దీనికెందుకో.

అన్నింటికన్నా తేలిగ్గా దొరికేది నికోటిన్ గమ్. 2 మిల్లీగ్రాములది మందుల షాపులో మామూలుగా డాక్టర్ చీటీ లేకుండానే ఇస్తారు. లేచిన అరగంటలోపే తాగేవాళ్ళకు 4 మిల్లీగ్రాములది అవసరం పడొచ్చు, అది డాక్టర్ రాయాలి. "గమ్ వాడాను, పనిచేయలేదు, వెక్కిళ్ళు వచ్చాయి" అనేవాళ్ళు దాన్ని చూయింగ్ గమ్‌లా నమిలి ఉంటారు. పద్ధతి వేరే. నెమ్మదిగా నమలండి. నాలుక మీద మిరియపు ఘాటులా తగలగానే ఆపి, చిగురుకీ బుగ్గకీ మధ్య పెట్టుకోండి. ఘాటు తగ్గాక మళ్ళీ నాలుగుసార్లు నమిలి, ఈసారి ఇంకో పక్కన పెట్టండి. ఇలా అరగంట. టీ, కాఫీ, జ్యూస్, కూల్‌డ్రింక్ తాగిన పావుగంట దాకా గమ్ వేసుకోకూడదు. వాటిలోని ఆమ్లం వల్ల నికోటిన్ నోట్లోంచి సరిగా ఒంటికి పట్టదు. మొదటి వారాల్లో గంటకో రెండు గంటలకో ఒకటి వాడి, తర్వాత తగ్గించుకుంటూ రెండు మూడు నెలల్లో ఆపేయాలి. 24 గంటల్లో 24కి మించకూడదు.

చర్మానికి అంటించుకునే ప్యాచ్‌లు కూడా ఉన్నాయి. బుప్రోపియాన్, వరెనిక్లిన్ అనే మాత్రలు డాక్టర్ రాస్తేనే వాడాలి. గర్భిణులు, గుండెపోటు వచ్చినవాళ్ళు, మూర్ఛ ఉన్నవాళ్ళు సొంతంగా ఏదీ మొదలుపెట్టొద్దు. మానసిక సమస్యలకు ఒలాంజపిన్, క్లోజపిన్ వాడేవాళ్ళు మానే ముందే డాక్టర్‌తో చెప్పాలి. పొగ ఆపేశాక ఆ మందుల మోతాదు రక్తంలో పెరుగుతుంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు షుగర్ మామూలుకన్నా ఎక్కువసార్లు చూసుకోవాలి.

మాట సాయం కావాలంటే 1800-11-2356కి ఫోన్ చేయొచ్చు. డబ్బులు పడవు. ప్రభుత్వం నడిపే ఈ క్విట్‌లైన్ నంబరు సిగరెట్ పెట్టె మీదే ఉంటుంది, ఆ భయంకరమైన బొమ్మ పక్కన. తెలుగులో మాట్లాడొచ్చు. మానే తేదీ వేయించి, తర్వాత వాళ్ళే ఫోన్ చేసి ఎలా ఉన్నారో అడుగుతారు.

5. యావ వచ్చిన ఐదు నిమిషాలు

మొట్టమొదట ఉన్నచోటు నుంచి కదలండి. కూర్చుంటే లేవండి, కొట్టు దగ్గరుంటే రోడ్డు దాటండి. ఒక గ్లాసు చన్నీళ్ళు గుక్క గుక్కగా తాగండి. సిగరెట్ లాగినట్టే పొడుగ్గా ఊపిరి పీల్చి, ఇంకా పొడుగ్గా వదలండి, పదిసార్లు. దమ్ములో హాయినిచ్చేది కొంత ఆ లోతు ఊపిరే. ఫోన్ చూసి ఐదు నిమిషాలు లెక్కపెట్టండి, లేదా ఎవరికైనా ఫోన్ చేయండి.

నోట్లోకి సోంపు, లవంగం, ఎండు ఉసిరి, పుట్నాలు, క్యారెట్ ముక్కలు, ఏవైనా సరే. వక్కపొడి మాత్రం వద్దు. సిగరెట్ మానేసి రోజంతా వక్కపొడి పొట్లాలు చింపేవాళ్ళు చాలామంది కనిపిస్తారు. పొగాకు కలవకపోయినా వక్క కూడా నోటి క్యాన్సర్ తెస్తుంది. ఖైనీ, జర్దా కిళ్ళీ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ-సిగరెట్ల అమ్మకాన్ని మన దేశంలో 2019లోనే నిషేధించారు, చాటుగా దొరికినా వాటి జోలికి పోవద్దు.

6. మూడు మార్కుల వేళలు

పొద్దున్న బాత్రూమ్. "సిగరెట్ పడితే గానీ మోషన్ రాదు" అన్నది వట్టి వంక కాదు, నికోటిన్ పేగుల్ని కదిలిస్తుంది. మానిన కొత్తలో కొందరికి మలబద్ధకం వస్తుంది. లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చటి నీళ్ళు తాగి పావుగంట నడవండి. రాత్రి భోజనంలో ఆకుకూర, పడుకునే ముందు నీళ్ళలో ఒక చెంచా ఇసబ్‌గోల్. కొన్ని వారాల్లో పేగులు తమంతట తామే దారిలో పడతాయి.

టీ. పొగలోని తారు రసాయనాలు కాలేయం చేత కెఫీన్‌ని త్వరగా అరిగిస్తాయి. పొగ ఆగగానే అదే కప్పు టీ ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది. గుండె దడ, చేతి వణుకు, నిద్ర పట్టకపోవడం వస్తే "సిగరెట్ లేక ఇలా అవుతోంది" అనుకుని మళ్ళీ వెలిగించేస్తారు. రోజుకు ఆరు టీలు తాగేవాళ్ళు మూడుకు తగ్గించండి. ఆ మూడూ కొట్టు దగ్గర కాకుండా ఇంట్లోనో ఆఫీసు లోపలో తాగండి. రెండో నెలలో కొట్టుకు వెళ్ళొచ్చు, కాకపోతే కుడిచేత్తో సిగరెట్ పట్టేవాళ్ళు టీ గ్లాసు ఆ చేత్తోనే పట్టుకోండి.

భోజనం అయ్యాక వెంటనే లేచి పళ్ళు తోముకోండి. పేస్టు రుచి మీద సిగరెట్ అంత బాగుండదు.

మద్యం. ఇందులో నా మాట కఠినంగానే ఉంటుంది. మొదటి నెల పూర్తిగా మానేయండి. రెండో పెగ్గు తర్వాత పెట్టుకున్న నియమాలన్నీ గాలికి పోతాయి, బాల్కనీలోకి పిలిచే స్నేహితుడు ఎలాగూ ఉంటాడు.

7. ఒంట్లో కొత్త తేడాలు

మానాక దగ్గు పెరిగితే కంగారు పడొద్దు, శ్వాసనాళాలు తమను తాము శుభ్రం చేసుకుంటున్నాయి. నోట్లో చిన్న పుళ్ళు కూడా రావొచ్చు. దగ్గులో రక్తం పడినా, దగ్గు నెల దాటినా డాక్టర్‌కి చూపించాలి. ఆకలి పెరిగి, మొదటి ఏడాదిలో నాలుగైదు కిలోలు పెరగడం మామూలే. స్వీటు బదులు పండు తినండి, నడవండి, బరువు కోసం మళ్ళీ మొదలుపెట్టకండి. ఏడాదికల్లా పొగ వల్ల పెరిగిన గుండెజబ్బు ముప్పు సుమారు సగానికి దిగుతుంది. సిగరెట్ 20 రూపాయలనుకుంటే రోజుకు పది తాగేవాళ్ళకు నెలకు 6,000 మిగులుతాయి. వాటిని వేరే ఖాతాలో వేసుకుంటేనే కంటికి కనిపిస్తాయి.

8. ఒకటి తాగేస్తే?

"పోయింది, ఇక వచ్చే సోమవారం నుంచి" అనొద్దు. ఒకటి తాగితే ఒకటే తాగినట్టు. పెట్టె కొని ఉంటే మిగిలినవి తడిపి పారేయండి. టైము, చోటు, పక్కన ఎవరున్నారో పాత చీటీలో రాయండి. పెళ్ళిళ్ళు, చావు ఇళ్ళు, స్నేహితులతో గోవా ట్రిప్పు, ఇలాంటి చోట్లే జారేది. మూడు నెలల దాకా అక్కడికి వెళ్ళే ముందు జేబులో గమ్ పెట్టుకోండి, ఎవరైనా ఇస్తే ఏమనాలో ముందే అనుకుని వెళ్ళండి. "డాక్టర్ వద్దన్నారు" అంటే మనవాళ్ళు ఇంకో మాట అడగరు.

ఇంట్లో చుట్ట తాగే పెద్దవాళ్ళుంటే

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు పల్లెల్లో కొందరు ముసలమ్మలు చుట్ట నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. అంగిలికి వేడి, పొగ నేరుగా తగిలి అక్కడ క్యాన్సర్ వచ్చే ముప్పు ఎక్కువ. "అమ్మమ్మా, ఈ వయసులో మానేసి ఏం చేస్తావులే" అని వదిలేయకండి. పైన చెప్పిన గమ్ పళ్ళు లేనివాళ్ళకు కుదరదు, ప్యాచ్ గురించి డాక్టర్‌ని అడగండి. నెలకోసారి నోరు తెరిపించి, ఫోన్ టార్చి వేసి అంగిలి చూడండి. తెల్లటి మచ్చలు గానీ, రెండు వారాలైనా మానని పుండు గానీ కనిపిస్తే పళ్ళ డాక్టర్ దగ్గరికో ఈఎన్‌టీ దగ్గరికో తీసుకెళ్ళండి. చుట్ట మానేశాక మచ్చలు తగ్గుముఖం పట్టినా ఆ పరీక్ష చేయించాల్సిందే.