గడ్డకట్టిన మూలకణాలను కరిగించి ఎక్కించే పద్ధతి

గుండెనో కాలేయాన్నో మూలకణాలతో బాగుచేయడం ఇంకా చాలావరకు పరిశోధన దశలోనే ఉంది. ఎముక మజ్జ విషయంలో మాత్రం ఇది దశాబ్దాలుగా రుజువైన వైద్యం. రోగి సొంత కణాలను ముందే తీసి గడ్డకట్టించి ఉంచితే, వాటిని తిరిగి ఎక్కించే రోజున మంచం పక్కన జరిగే పని గురించే ఇదంతా.

చలిలో కణాలను కాపాడే డీఎంఎస్‌ఓ అనే రసాయనం, కణాలున్న బ్యాగు కరగగానే వాటికి హాని చేయడం మొదలుపెడుతుంది. కాబట్టి ముందు రోగిని సిద్ధం చేయాలి, ఆ తర్వాతే బ్యాగు బయటికి తీయాలి. సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసిన గొట్టం) ధారాళంగా పారుతోందో లేదో సెలైన్‌తో చూడండి. అలర్జీకి, వాంతికి డాక్టర్ రాసిన మందులు అరగంట ముందే పడాలి. ఆక్సిజన్ అందుబాటులో ఉంచండి. పేరు, నంబరు బ్యాగు మీద, కాగితంలో, రోగి చేతిపట్టీ మీద ఒకటేనా అని ఇద్దరు విడివిడిగా సరిచూడాలి. శరీర బరువులో కిలోకు కనీసం 20 లక్షల సీడీ34 కణాలు (ఆ గుర్తున్న మూలకణాలు) ఉండాలి, 50 లక్షలుంటే మరీ మంచిది.

మోతాదు లెక్క కూడా అప్పుడే వేయండి. డీఎంఎస్‌ఓ రోజుకు కిలోకు 1 గ్రాము దాటకూడదు. 10 శాతం కలిపిన 100 మి.లీ. బ్యాగులో అది సుమారు 11 గ్రాములుంటుంది. అంటే 60 కిలోల మనిషికి ఒక రోజులో అయిదు బ్యాగులే. ఆరోది మర్నాటికి.

ద్రవ నత్రజని చలిలోంచి వచ్చిన బ్యాగు గాజులా పెళుసుగా ఉంటుంది, ముఖ్యంగా గొట్టాలు అతికిన చోట. దాన్ని స్టెరైల్ కవరులో పెట్టి, 37 డిగ్రీల నీళ్లలో ముంచి, అరచేతులతో మెల్లగా కదపండి. పిసకొద్దు. లోపల చిన్న చిన్న మంచు పలుకులు మిగిలి ఉండగానే తీసేయాలి. పూర్తిగా కరిగి వెచ్చబడేదాకా ఆగితే కణాలు దెబ్బతింటాయి. పగులు కనిపిస్తే దానికి పైన క్లాంప్ వేసి వెంటనే డాక్టర్‌కు చెప్పండి. కణాలు ఇంకా కవరులోనే ఉంటాయి కనుక తొందరపడి పారేయొద్దు. సూక్ష్మజీవులు చేరాయేమో చూసే కల్చర్ పరీక్షకు పంపి, యాంటీబయాటిక్ ఇచ్చి వాడే వీలుండొచ్చు.

రక్తం ఎక్కించే మామూలు ఫిల్టర్ సెట్టే వాడాలి. తెల్లకణాలను ఆపే ఫిల్టర్ పెడితే మూలకణాలన్నీ అందులోనే చిక్కుకుంటాయి. ఈ పొరపాటుకు మందు లేదు. బ్యాగుకు రేడియేషన్ ఇవ్వకూడదు, లైనులో సెలైన్ తప్ప మరేదీ కలపకూడదు. మొదటి కొన్ని మి.లీ. నెమ్మదిగా పోనిచ్చి, మిగతాది 10-15 నిమిషాల్లో ముగించండి. ఖాళీ బ్యాగును కొద్దిగా సెలైన్‌తో కడిగి అదీ ఎక్కించండి. ఒక బ్యాగు అయ్యాకే రెండోది కరిగించాలి.

దారాల్లాంటి జిగురు కనిపిస్తే, చనిపోయిన తెల్లకణాల్లోంచి డీఎన్‌ఏ బయటికొచ్చిందన్నమాట. సిరంజితో బలవంతంగా నెట్టకుండా సెట్ మార్చండి.

వికారం, ముఖం ఎర్రబడటం, ఛాతీ పట్టేయడం, నాడి మందగించడం చూస్తూ ఉండండి. వస్తే వేగం తగ్గించండి, తీవ్రమైతే ఆపి డాక్టర్‌ను పిలవండి. ఒకటి రెండు రోజులు ఊపిరిలో వెల్లుల్లి వాసన వస్తుంది, దానికి కంగారు అక్కర్లేదు. మూత్రం ఎర్రగా రావడానికి బ్యాగులో పగిలిన ఎర్రకణాలు కారణం. సెలైన్ సాగనివ్వండి, మర్నాటికీ తగ్గకపోతే రక్తపరీక్ష చేయించాలి.

కరిగించిన సమయం, ఎక్కించడం మొదలైన, ముగిసిన సమయాలు నిమిషాలతో సహా రాయండి. సాధారణంగా 10-14 రోజుల్లో న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) మైక్రోలీటరు రక్తంలో 500 దాటి వరుసగా మూడు రోజులు నిలబడతాయి. ఆలస్యమైతే కారణం వెతికేటప్పుడు ఆ కాగితం కావాల్సి వస్తుంది.