విత్తే ముందు వంద చేలు చూద్దాం: మూడో పాఠం

పోయిన పాఠంలో చెప్పినట్టు పదేళ్ల వానల లెక్క రాసుకున్నారు కదా. మృగశిర కార్తెలో తొలి వానకే పత్తి గింజలు పెడితే, ఆ తర్వాత వాన మొహం చాటేసి మొలక మాడిపోయిన ఏళ్లు ఎన్ని? మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని మా ధర్మాబాద్, బిలోలి పక్క మళ్లీ విత్తడాన్ని మరాఠీ మాటతోనే దుబార్ పేరణి అంటాం. కిన్వట్ దగ్గర మా మేనమామ లెక్కలో అవి పదికి మూడు. ఈ పాఠానికి ఆ మూడే తీసుకుందాం.

కంప్యూటర్‌లో గూగుల్ షీట్స్ తెరవండి. మొదటి గడిలో సమానం గుర్తు, పక్కనే ఇంగ్లీషు అక్షరాల్లో ర్యాండ్ (RAND), ఆపై ఖాళీ బ్రాకెట్లు కొట్టండి. సున్నాకీ ఒకటికీ మధ్య ఏదో ఒక సంఖ్య వస్తుంది. దాన్ని అడ్డంగా పది గడులకు, నిలువుగా వంద వరుసలకు లాగండి. మొత్తం సెలెక్ట్ చేసి, కండిషనల్ ఫార్మాటింగ్‌లో 0.3 (అంటే పదికి మూడు) కన్నా తక్కువున్న గడులకు ఎరుపు రంగు ఇవ్వండి. ఒక్కో వరుస ఒక రైతు, ఒక్కో గడి ఒక ఏడు. ఎరుపు అంటే దుబార్ పేరణి.

1946లో జబ్బు నుంచి కోలుకుంటూ ఒంటరిగా పేకాట ఆడుకుంటున్న గణిత శాస్త్రవేత్త స్టానిస్లా ఉలామ్‌కు ఒక ఆలోచన వచ్చింది: గెలిచే అవకాశాన్ని సూత్రాలతో తేల్చే బదులు, వంద ఆటలు ఆడి లెక్కపెడితే సరిపోదా? జాన్ వాన్ న్యూమన్‌తో కలిసి దాన్ని పద్ధతిగా మలిచారు. దానికే మాంటే కార్లో అని పేరు. మీ షీటు చేస్తున్నదీ అదే.

ఇక సంఖ్యలు వదిలేసి రంగులే చూడండి. పదికి మూడు అనగానే, మూడేళ్లకో దెబ్బ, మధ్యలో ఊపిరి పీల్చుకునే టైం ఉంటుందనుకుంటాం. షీటులో అలా ఉండదు. కొన్ని వరుసల్లో ఎరుపు ఒకటో రెండో. కొన్నింట్లో మూడేళ్లు వెంటవెంటనే ఎరుపే. అలాంటి వరుసలు వందలో సుమారు పదిహేను ఉంటాయి, లెక్కపెట్టండి. ఏదైనా ఖాళీ గడిలో ఒక అక్షరం కొట్టి ఎంటర్ నొక్కితే రంగులన్నీ మారతాయి, ఆ పదిహేను మాత్రం అటూ ఇటూగా వస్తూనే ఉంటుంది. తొందరపడకుండా ఇరవైసార్లు నొక్కి చూడండి. ఆ పదిహేను మంది మిగతావాళ్లకన్నా తెలివితక్కువగా ఏమీ చేయలేదు. అందరూ తొలి వానకే విత్తారు.

ఈ ఏడు వాన ఎలా పడుతుందో షీటు చెప్పదు. అలాంటి మూడేళ్లు మీకే వస్తే ఇల్లు, అప్పు తట్టుకుంటాయా అన్నది మీరు ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. తట్టుకోలేమంటే 75 నుంచి 100 మిల్లీమీటర్ల వాన పడేదాకా ఆగడం ఒక దారి. తొలి వానకు సగం చేనే విత్తడం ఇంకో దారి.

వచ్చే పాఠానికి రెండు రాసి ఉంచండి: ఎకరానికి గింజలు, కూలి కలిపి మీ ఊళ్లో అయ్యే ఖర్చు, ఆగి విత్తినవాళ్లకు పదేళ్లలో ఎన్నిసార్లు దిగుబడి తగ్గిందో. రెండో షీటు వాటితోనే మొదలవుతుంది.