శుభలేఖ మీద లక్క ముద్ర: పోస్టులో పగలకుండా చేరాలంటే

మా తమ్ముడి శుభలేఖలు పోస్టు చేసిన ఐదో రోజున పెద్దమ్మ ఫోన్ చేసింది. "కార్డు చాలా బాగుందే. కవరు వెనకాల ఎర్రగా ఏదో అంటుకుని ఉంది, ముట్టుకుంటే రాలిపోతోంది. దారిలో ఏమైనా ఒలికిందా?" అని అడిగింది. అది నేను రెండు రాత్రులు కూర్చుని వేసిన లక్క ముద్ర. నాకు ఏడుపొచ్చింది. ఆ సాయంత్రం తెలిసిన ముప్పై ఇళ్లకు ఫోన్లు చేశాను. పదకొండు ఇళ్లకే ముద్ర నిండుగా చేరింది.

తర్వాత చెల్లెలి పెళ్లికి మళ్లీ నేనే వేశాను, ఈసారి పద్ధతి మార్చి. ఆ మార్పులో ముఖ్యమైన మాట ఒక్కటే: పోస్టులో వెళ్లే శుభలేఖకు ముద్ర బయటి కవరు మీద వేయకండి. లోపల వేయండి.

కవరు పోస్టులో పడ్డాక ఏమవుతుందో ఒకసారి ఊహించుకోండి. యంత్రంతో వేరుచేసే చోట అది పట్టీల మధ్య నలుగుతూ, రోలర్ల చుట్టూ వంగుతూ వేగంగా పరిగెడుతుంది. పైకి ఉబ్బిన ముద్ర వాటికి తగిలి ఊడుతుంది, ఒక్కోసారి కవరునే చింపుతుంది. చేత్తో వేరుచేసే చోటైనా కట్టలు కడతారు, సంచుల్లో కుక్కుతారు, తేదీ ముద్ర గట్టిగా గుద్దుతారు. ఇంత ప్రయాణం తట్టుకుని అందంగా మిగిలితే అదృష్టమే.

పైగా నేను మొదట వాడింది పాతకాలపు గట్టి లక్క కడ్డీ. అది పగలడంలో దాని తప్పేమీ లేదు. అది పగలడానికే పుట్టింది. ఉత్తరం మధ్యలో ఎవరైనా తెరిస్తే తెలిసిపోవాలని పెళుసుగా ఉండే లక్క వాడేవారు. మధ్యయుగాల ఐరోపాలో ముద్రలకు తేనెమైనం, చెట్టు జిగురు కలిపి వాడేవారు. 16వ శతాబ్దం నుంచి మన దేశపు లక్క అక్కడికి చేరి, గట్టి కడ్డీలు వచ్చాయి. మన శుభలేఖకు కావలసింది తాళం కాదు, అలంకారం. కాబట్టి వంచితే వంగే లక్క కొనండి. అమ్మేవాళ్లు దాన్ని ఫ్లెక్సిబుల్ వ్యాక్స్ అంటారు. జిగురు కడ్డీలను కరిగించి పోసే గ్లూ గన్‌లో పెట్టే కడ్డీలుగా, చిన్న గింజలుగా దొరుకుతుంది. ఒక ముద్ర వేసి, పూర్తిగా చల్లారాక వేళ్ల మధ్య వంచి చూడండి. టక్కున విరిగితే అది పోస్టుకు పనికిరాదు. ఇంట్లో ఉన్న కొవ్వొత్తినో, పిల్లల క్రేయాన్లనో కరిగించే ఆలోచన మాత్రం మానుకోండి. ఆ మైనం కాగితంలోకి ఇంకి నూనె మరకలా కనిపిస్తుంది, ఎండకు మెత్తబడుతుంది కూడా.

ముద్రలు నేరుగా కార్డు మీద వేయాలా, విడిగా చేసి అతికించాలా? నేను విడిగా చేయమంటాను. కార్డు మీద వేస్తే ఒక్క చుక్క పక్కన పడినా ఆ కార్డు పోయినట్టే. పలచటి ట్రేసింగ్ కాగితం చుట్టిన కార్డయితే వేడికి ఆ కాగితం ముడతలు పడుతుంది. విడిగా చేస్తే పాడైన ముద్రను మళ్లీ కరిగించుకోవచ్చు, అంతే.

చేసే విధానం ఇది. బల్ల మీద సిలికాన్ షీటు గానీ, సిలికాన్ పూత ఉన్న బటర్ పేపర్ గానీ పరవండి. పూత లేని బటర్ పేపర్‌కు లక్క అంటుకుపోతుంది. పక్కన ఒక ఐస్ ప్యాక్, దాని మీద మెత్తటి గుడ్డ పెట్టుకోండి. లక్క మీద అచ్చు నొక్కే ఇత్తడి ముద్రను దాని మీద ఆనించి ఉంచాలి. ముద్ర చల్లగా ఉంటేనే లక్క దాన్ని వదులుతుంది, వేడెక్కితే అంటుకుంటుంది. ముద్రకు చెమ్మ పడుతుంది కాబట్టి ప్రతిసారీ తుడవండి. నీటి చుక్క మిగిలితే లక్క మీద చిన్న గుంట పడుతుంది.

కరిగిన లక్కను షీటు మీద పోయండి. ఇత్తడి ముద్ర వెడల్పు 25 మిల్లీమీటర్లయితే లక్క 18, 20 మిల్లీమీటర్ల మేర పరుచుకోగానే ఆపండి. గింజలైతే మూడు, నాలుగు సరిపోతాయి. పోసిన వెంటనే నొక్కకండి. పది లెక్కపెట్టండి, బుడగలు పోతాయి, అంచు కాస్త గట్టిపడుతుంది. అప్పుడు ముద్రను నిటారుగా దించి, దాని బరువుకు కొంచెం మాత్రమే చేతి బలం కలపండి. గట్టిగా నొక్కితే మధ్యలో పలచబడి కాగితం రంగు కనిపిస్తుంది. ఇక చేయి తీసేసి వదిలేయండి. అర నిమిషమో, ముప్పావు నిమిషమో పడుతుంది. తొందరపడి లాగితే అక్షరాలు సాగుతాయి. ఈ ఖాళీ సమయం కోసమే వీలైతే ఒకే బొమ్మ ఉన్న ముద్రలు రెండు పెట్టుకోమంటాను. ఒకటి చల్లారేలోపు రెండోది వేయొచ్చు.

చెంచాలో కరిగించేవాళ్లు మంట చెంచాకు తగలనివ్వకండి, మసి పడుతుంది. లేత రంగు లక్కలో అది వెంటనే కనిపిస్తుంది. వత్తి ఉన్న కడ్డీలతోనూ ఇదే ఇబ్బంది, నల్లటి చారలు వస్తాయి. కరిగిన లక్క వేలి మీద పడితే లాగి తీయకండి, తోలు వస్తుంది. ముందు చన్నీళ్ల కింద పెట్టండి.

ముద్ర మీద బొమ్మ గురించి కూడా చెప్పాలి. సన్నటి గీతలు, చిన్న పేర్లు, తేదీలు లక్కలో తేలవు. తెలుగు అక్షరాలు చెక్కిస్తుంటే సున్నాలు, సుడులు విశాలంగా ఉండేలా చూసుకోండి. 'ళ' లాంటి అక్షరంలో లోపలి ఖాళీ పూడిపోయి ముద్దలా కనిపిస్తుంది. ఇద్దరి పేర్లలో మొదటి అక్షరాలు రెండు చాలు.

తయారైన ముద్రను కార్డు చుట్టూ వేసే కాగితం పట్టీ మీదో, దారం మీదో అతికించండి. పలచటి డబుల్ సైడెడ్ టేపు చుక్క చాలు. గరుకు కాగితమైతే చిన్న వేడి గ్లూ చుక్క మేలు. ఫోమ్ టేపు వద్దు, ఎత్తు పెరుగుతుంది. ముద్ర కింద దారం ముడి ఉండకూడదు. దారాలను ముడి వేయకుండా ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేస్తే సరిపోతుంది. ముడి ఉన్నచోట ముద్ర ఎత్తుగా నిలిచి ఊడుతుంది.

కార్డును కవరులో పెట్టేటప్పుడు ముద్ర మూత వైపు ఉండాలి, చిరునామా వైపు కాదు. తేదీ ముద్ర గుద్దేది చిరునామా వైపే. ముద్రకు ఎదురుగా ఒక మందపాటి కాగితం ముక్క పెట్టండి, లోపలి గట్టు కవరు మీద అచ్చుపడదు. కవరు మూతను జిగురుతోనే అంటించండి.

ఎవరికైనా ముద్ర బయటే కావాలని గట్టిగా అనిపిస్తే, ముద్ర వేసిన కవరును ఇంకో పెద్ద కవరులో పెట్టి పంపొచ్చు. ఖర్చు, బరువు పెరుగుతాయి గానీ చేతికి అందేది నిండు ముద్ర.

స్టాంపులు కొనేముందు అన్నీ పెట్టి మూసిన ఒక కవరును పోస్టాఫీసు కౌంటర్‌లో తూకం వేయించండి. మందంగా, ఎగుడుదిగుడుగా ఉన్న కవర్లకు కొన్ని దేశాల్లో అదనపు చార్జీ ఉంటుంది. అది కట్టకపోతే మన అతిథి కట్టాల్సి రావచ్చు, లేదా కవరు మన దగ్గరికే తిరిగి రావచ్చు. అలాగే మూడు కవర్లు ముందుగా పంపి చూడండి. ఒకటి మీకే, ఒకటి దగ్గర్లో ఉన్నవాళ్లకు, ఒకటి అందరికంటే దూరంగా ఉన్నవాళ్లకు. అందాక ముద్ర ఫొటో తీసి పంపమని అడగండి. చెల్లెలి పెళ్లికి నేను అలాగే చేశాను, మొదటి మూడింటిలో ఒకటి వంకరగా ఊడి వచ్చింది. మా కాగితానికి టేపు బదులు గ్లూ వాడాక ఆ టెన్షన్ పోయింది.

ఎండ రోజులైతే ఒక ముద్రను మూసిన కారులో ఒక మధ్యాహ్నం ఉంచి చూడండి. అక్షరాలు చదునైపోతే ఆ లక్క మార్చాలి. కావలసిన వాటికంటే ఇరవై ముద్రలు ఎక్కువ చేసుకోండి. పనయ్యాక మిగిలినవి, వంకరపోయినవి ఒక డబ్బాలో దాచండి. ఆలస్యంగా గుర్తొచ్చే పేర్లు ప్రతి పెళ్లికీ ఉంటాయి.