కల్పిత రాజ్యం కట్టడం – 6వ పాఠం: బంగారు నాణెం ఎంత ఉండాలి?

ఈ పాఠంలో సంత గురించి చెప్పాలి. కానీ పోయినసారి మీ రాజ్యానికో బంగారు నాణెం తయారు చేయమంటే వచ్చినవి చూశాక సంతను పక్కన పెట్టక తప్పలేదు. బరంపురం, రాయగడ, జయపురం, ఎక్కడి నుంచి వచ్చినా నాణెం అరచేయంత! ఒకరైతే దాని మీద రాజుగారి బొమ్మతోపాటు కోట, సింహం, వంశవృక్షం కూడా పట్టించారు. ఇంకో కథలో హీరో గిన్నెడు గంజి తాగి, పూటకూళ్లావిడ చేతిలో అలాంటిదొకటి పెట్టి "చిల్లర ఉంచుకో" అంటాడు.

ముందు దాన్ని తూద్దాం. ఘన సెంటీమీటరు బంగారం 19.3 గ్రాములు తూగుతుంది. మిగతాది హైస్కూలు లెక్కే కాబట్టి నేను వాడే అడ్డదారి చెప్పేస్తాను. వ్యాసాన్ని సెంటీమీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే హెచ్చవేసి, ఒకటిన్నరతో మళ్లీ హెచ్చవేయండి. మిల్లీమీటరు మందమున్న బంగారు బిళ్ల బరువు గ్రాముల్లో వస్తుంది. మందం ఎన్ని మిల్లీమీటర్లయితే అన్ని రెట్లు.

మీ నాణెం వెడల్పు 8 సెంటీమీటర్లు, మందం 4 మిల్లీమీటర్లు అనుకుందాం. బరువు 384 గ్రాములు. షాపువాళ్ల పది గ్రాముల లెక్కలో ముప్పై ఎనిమిది తులాల పైమాట. గంజికి!

"అయితే సగం చేసేస్తాం" అంటారు. ఏది సగం? నాకు చిరాకు తెప్పించేది ఇక్కడే. వెడల్పొక్కటే సగం చేస్తే బరువు సగం కాదు, పావు వంతు: 96 గ్రాములు. మందం కూడా సగం చేస్తే ఎనిమిదో వంతు: 48. రెండూ మళ్లీ సగం చేయండి, అంటే 2 సెంటీమీటర్లు, 1 మిల్లీమీటరు: 6 గ్రాములు. వెనక్కి నడిచినా ఇదే కథ. వెడల్పు, మందం రెండింతలైన నాణెం కంటికి "కొంచెం పెద్దది"గానే కనిపిస్తుంది, ఖజానాకి మాత్రం ఎనిమిది నాణేల ఖర్చు. అందుకే కాగితం మీద గుండ్రం గీయడంతో మొదలెట్టకండి. ముందు బరువు తేల్చుకోండి, తర్వాత మందం, చివర్న వెడల్పు.

అసలు నాణేలు ఎంతుండేవి? ఫ్లోరెన్స్ నగరం 1252లో మొదలెట్టిన ఫ్లోరిన్ మూడున్నర గ్రాములు. 1284లో వచ్చిన వెనిస్ డకాట్ కూడా అంతే. ఫ్లోరిన్ వెడల్పు మన ఇప్పటి రూపాయి బిళ్లకు దగ్గరగా ఉంటుంది, కానీ మందం అర మిల్లీమీటరే. ఇంగ్లండులో మూడో ఎడ్వర్డ్ 1344లో కొట్టించిన నోబుల్ పెద్దది, మూడు సెంటీమీటర్లు దాటుతుంది. దాని విలువ 80 పెన్నీలు. రోజుకు నాలుగు పెన్నీలు సంపాదించే తాపీమేస్త్రీకి ఇరవై రోజుల కూలి. ఇక గంజి సంగతి మీరే ఆలోచించుకోండి.

నన్నడిగితే విజయనగర సామ్రాజ్యపు వరహానే ముద్దు. అదీ మూడున్నర గ్రాములకు కాస్త తక్కువే. వెడల్పు సెంటీమీటరు దాటి కొంచెం, మందం ఫ్లోరిన్‌కు దాదాపు మూడింతలు. బొత్తాంలా ఉంటుంది, అంచులు కత్తిరించి దొంగిలించడం కష్టం.

ఇంకా చిన్నవి కావాలంటే దూరం పోనక్కర్లేదు. పర్లాకిమిడికి దగ్గర్లోని ముఖలింగమే తూర్పు గాంగ రాజుల రాజధాని కళింగనగరమని చరిత్రకారులు ఎక్కువమంది చెప్పే మాట. వాళ్ల బంగారు పణాలు అర గ్రాముకు అటూ ఇటూ ఉండేవి, చిటికెన వేలి గోరంత. ఒక పక్క పడుకున్న ఎద్దు, ఇంకో పక్క అంకుశం, పాలనా సంవత్సరం. అంత చోటులో అంతకన్నా ఏం పడుతుంది? వంశవృక్షం పంపినవారు గమనించగలరు.

"మరి జహంగీర్ పన్నెండు కిలోల మొహరు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. నిజమే, 1613 నాటిది, వెడల్పు 20 సెంటీమీటర్ల పైనే. అది దర్బారులో బహూకరించడానికి, బజారులో ఖర్చు పెట్టడానికి కాదు. మీ రాజు కూడా ఒకటి కొట్టించుకోవచ్చు, అభ్యంతరం లేదు.

అభ్యాసం. మీ రాజ్యానికి మూడు బంగారు నాణేలు చేయండి. ఒక్కోదాని బరువు, మందం, వెడల్పుతోపాటు అది ఎన్ని రోజుల కూలికి సమానమో రాయండి. తర్వాత మీ కథలోని నిధిపెట్టె కొలతలు తీసుకోండి. నాణేల మధ్య సందులు పోను అరవై శాతమే బంగారం అనుకుని బరువు కట్టండి. 40, 30, 25 సెంటీమీటర్ల పెట్టెకు దాదాపు 350 కిలోలు వస్తుంది. దాన్ని భుజాన వేసుకుని గోడ దూకిన దొంగలున్న అధ్యాయాన్ని మొత్తం తిరగరాసి పంపండి. పెట్టెను చిన్నది చేసి తప్పించుకుంటే దిద్దను. ఎద్దులబండి పెట్టుకోండి, లేదా దొంగల్ని పెంచండి.