చరిత్ర చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: సంధి నుంచి యుద్ధానికి వెనక్కి నడవడం

గత పాఠంలో యుద్ధానికి పటం గీశాం. ఈసారి సంధి దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడుద్దాం. ప్రతి షరతులోనూ ‘నా బలం ఇంతవరకే’ అని ఎవరో ఒకరు ఒప్పుకున్న జాడ ఉంటుంది. దాన్ని పట్టుకోవడమే నేటి సాధన.

పశ్చిమాఫ్రికాలో ఓయో, దహోమీ పొరుగు రాజ్యాలు. ఓయో నేటి నైజీరియాలో, దహోమీ నేటి బెనిన్‌లో ఉండేవి. 1730లో అవి సంధి చేసుకున్నాయి. దహోమీ రాజు అగాజా సింహాసనం మీదే ఉంటాడు, కానీ ఓయో రాజుకు (ఆయన బిరుదు అలాఫిన్) కప్పం కడతాడు. అగాజా కొడుకు ఒకడు ఓయోలో జామీనుగా ఉన్నాడని సంప్రదాయ కథనం. ఆ కుర్రవాడే తర్వాత తెగ్బెసు పేరుతో దహోమీ రాజయ్యాడు.

ఇప్పుడు నోటుపుస్తకంలో మొదటి ప్రశ్న రాయండి: గెలిచినవాడు ఇంతకంటే ఎక్కువ ఎందుకు అడగలేదు?

ఓయో బలమంతా గుర్రాల్లో ఉంది. 1726 నుంచి 1730 లోపు దాని సైన్యం దహోమీ మీదికి నాలుగుసార్లు వచ్చింది. దట్టమైన అడవుల్లో గుర్రాలు బతకడం కష్టం, త్సెత్సె ఈగ కాటుతో వచ్చే జబ్బు వాటిని చంపుతుంది. అయితే దహోమీ వైపు అడవి తెగి, పచ్చిక మైదానం సముద్రం దాకా సాగుతుంది. ఓయో రౌతులకు దారి అదే. అగాజా దగ్గర తుపాకులున్నా ఆ రౌతులను ఎదుర్కోలేకపోయాడు. 1728లో ధనం పాతిపెట్టి, తిండిగింజలు కాల్చి, జనంతో పొదల్లోకి తప్పుకున్నాడు. ఖాళీ ఊళ్లో సైన్యం ఎన్నాళ్లుంటుంది? మేత అయిపోయింది, వానలు ముంచుకొచ్చాయి, ఓయో వెనుదిరిగింది. రావడం చేతనైంది, నిలవడం చేతకాలేదు. అందుకే రాజ్యం కాదు, కప్పం అడిగింది.

రెండో ప్రశ్న: పూర్తిగా ఓడనివాడు కప్పం ఎందుకు కట్టాడు? అగాజా 1724లో పొరుగు రాజ్యం అల్లాడాను, 1727లో రేవు రాజ్యం విదాను గెలుచుకున్నాడు. ఏటా పొదల్లో దాక్కునే రాజు వాటిని పట్టి ఉంచలేడు.

కప్పంలోని వస్తువులనూ చూడండి: తుపాకులు, పగడాలు, గవ్వలు. మనకు చిల్లిగవ్వ అంటే విలువలేనిది. అక్కడ గవ్వలకు చిల్లి పెట్టి, నలభైకి ఒక దండ చొప్పున గుచ్చి డబ్బుగా లెక్కించేవారు. మాల్దీవుల గవ్వలు యూరప్ ఓడల్లో అక్కడికి చేరేవి. కప్పం జాబితాలో మనుషులూ ఉన్నారు. ఈ వరుసను నేను ప్రతిసారీ ఆగి చదువుతాను, మీరూ ఆగండి. సంధి జరిగాక కూడా యుద్ధం వీళ్లను వదలలేదు.

అభ్యాసం: 1748లో మళ్లీ ఒప్పందం కుదిరి, కప్పం కొనసాగింది. 1823 ప్రాంతంలో దహోమీ రాజు గెజో దాన్ని ఆపేశాడు. అప్పటికి ఓయోలో అంతఃకలహాలు చెలరేగుతున్నాయి. రెండు నిలువు గళ్లు గీసి, 1730లో ఎవరికి ఏది సాధ్యమో ఒకదానిలో, 1823లో ఏది సాధ్యమో మరోదానిలో రాయండి. గుర్రాల గడిని ఖాళీగా వదలకండి. ఐదో పాఠం ఆ గడి నుంచే మొదలుపెడతాం.