సిరోస్ దీవి నుంచి ఫ్లైట్ మిస్ కాకుండా ఎలా వెళ్లానంటే

మా ఏజియన్ యూనివర్సిటీ డిజైన్ ఇంజనీరింగ్ విభాగం గ్రీస్ దేశపు సిరోస్ దీవిలోని ఎర్ముపోలి పట్టణంలో ఉంది. ఏథెన్స్ వెళ్లాలంటే పిరేయస్ రేవుకు ఓడే దిక్కు. చిన్న విమానాలున్నా గాలి ఎక్కువైతే వాటికీ గ్యారంటీ లేదు. గాలి బలాన్ని కొలిచే బోఫోర్ట్ స్కేలుపై గాలి 8కి చేరితే సాధారణంగా రేవు అధికారులు ఓడల్ని కదలనివ్వరు. చక్కగా ఎండ కాస్తూనే ఉంటుంది, ఓడ మాత్రం రాదు!

సంక్రాంతికి ఏథెన్స్ నుంచి హైదరాబాద్ టికెట్ కొన్నాక నాకు ఇదే టెన్షన్. వారం ముందు నుంచే గ్రీకు వాతావరణ శాఖ ఇచ్చే సముద్ర సూచన చూస్తూ వచ్చాను. ఉత్తర గాలి పెరుగుతుందని కనిపించగానే ఓడ టికెట్‌ను అంతకుముందు బయల్దేరే ఓడకు మార్పించుకున్నాను. ఏథెన్స్‌లో హాస్టల్ ఖర్చు మీద పడింది, అయినా ఫ్లైట్ పోవడం కంటే చాలా నయం. పిరేయస్ నుంచి ఎయిర్‌పోర్టుకు 2022 నుంచి మెట్రో మూడో లైన్ నేరుగా వెళ్తోంది, టాక్సీ అక్కర్లేదు.

గాలి వల్ల ఓడ రద్దయితే డబ్బు వాపసు ఇస్తారు, లేదా తర్వాతి ఓడలో ఎక్కిస్తారు. కాబట్టి టికెట్ పారేయకండి. ఇంకోటి, చలికాలంలో పెద్ద ఓడకే టికెట్ తీసుకోండి. స్పీడ్ ఫెర్రీలు అంతకంటే తక్కువ గాలికే ఆగిపోతాయి.