నిన్నమొన్నటి ఆన్‌లైన్ చర్చల్ని ఏఐతో వెతికించడం ఎలా: హెచ్1బీ స్టాంపింగ్ ఉదాహరణతో

హెచ్1బీ అంటే అమెరికాలో ఉద్యోగానికిచ్చే వీసా, స్టాంపింగ్ అంటే కాన్సులేట్‌లో ఆ వీసాని పాస్‌పోర్టు మీద వేయించుకోవడం, డ్రాప్‌బాక్స్ అంటే ఇంటర్వ్యూ లేకుండా పేపర్లు ఇచ్చేసి రావడం. "హైదరాబాద్‌లో హెచ్1బీ రెన్యువల్‌కి డ్రాప్‌బాక్స్ ఉందా?" అని చాట్‌జీపీటీనో జెమినీనో క్లాడ్‌నో సూటిగా అడిగితే, "ఉంది, పాత వీసా గడువు ముగిసి 48 నెలలు దాటకపోతే చాలు" అని ఎంతో నమ్మకంగా జవాబు రావచ్చు. 2024లో అది సరైన జవాబే. 2025 ఫిబ్రవరిలో ఆ 48 నెలలు 12కి తగ్గాయి. అదే ఏడాది సెప్టెంబర్ 2 నుంచి హెచ్1బీ వాళ్లకి ఇంటర్వ్యూ మినహాయింపే తీసేశారు. "పేపర్లు ఇచ్చేసి వచ్చా, పాస్‌పోర్టు ఇంటికొచ్చింది" అనే పాత కామెంట్లు మాత్రం రెడ్డిట్ అనే చర్చల సైటులో ఎక్కడివక్కడే ఉన్నాయి. ఏఐ వాటినీ, నిన్నటి కామెంట్లనీ కలిపి చదివి ఒకే జవాబు అల్లేస్తుంది. నియమాలు నెలనెలా మారే విషయంలో ఇంతకన్నా ప్రమాదం లేదు.

అందుకని తీర్పు చెప్పే పని ఏఐకి అప్పగించకండి. చర్చలు వెతకడం, తేదీల వారీగా పేర్చడం, లింకులు ఇవ్వడం వరకే దాని పని. దేన్ని నమ్మాలో తేల్చాల్సింది మీరు. ఈ పద్ధతిని స్టాంపింగ్ ఉదాహరణతోనే చూద్దాం. ఎలక్ట్రిక్ స్కూటర్ సర్వీసు గురించైనా, కొత్త ఫోన్ అప్‌డేట్ గురించైనా ఇలాగే వెతకొచ్చు.

ముందు ప్రశ్నని రెండు ముక్కలు చేయండి

నియమం ఏమిటన్నది ఒక ప్రశ్న, జనానికి ఏం జరుగుతోందన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు అమెరికా విదేశాంగ శాఖ, యూఎస్‌సీఐఎస్ (అమెరికా వలసల సంస్థ), ఇండియాలోని అమెరికన్ ఎంబసీ వెబ్‌సైట్లలోనే వెతకాలి. ఇంటర్వ్యూ అయ్యాక పాస్‌పోర్టు ఎన్నాళ్లకి వస్తోంది, 221జీ స్లిప్ (వీసా అప్పుడే ఇవ్వకుండా, ఇంకా కాగితాలో పరిశీలనో కావాలని ఇచ్చేది) ఎవరికి ఇస్తున్నారు, ఏ కాగితాలు అడుగుతున్నారు లాంటి సంగతులు ఆ వెబ్‌సైట్లలో దొరకవు. చర్చలు పనికొచ్చేది అక్కడే. రెండూ కలిపి ఒకే ప్రశ్నగా అడిగితే, ఎవరో కామెంట్‌లో రాసిన మాట కూడా నియమంలా మీ ముందుకొస్తుంది.

తర్వాత కాలపరిమితి. "గత నెల రోజుల్లో" అని అడగడం చాలామందికి అలవాటు. దానికన్నా చివరి మార్పు ఎప్పుడు జరిగిందో కనుక్కుని, ఆ తేదీ నుంచి వెతికించడం మేలు. ఉదాహరణకి 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్1బీ, హెచ్4 (హెచ్1బీ వాళ్ల భార్యకో భర్తకో, పిల్లలకో ఇచ్చే వీసా) దరఖాస్తుదారుల సోషల్ మీడియా ప్రొఫైళ్లు కూడా పరిశీలిస్తున్నారు. ఆ సమయంలో ఇండియాలో చాలామంది అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వాయిదా పడ్డాయి. డిసెంబర్ 10న ఒకరు రాసిన "అయిదు రోజుల్లో వచ్చేసింది" అన్న కామెంట్, జనవరిలో వెళ్లేవాళ్లకి ఎందుకూ పనికిరాదు. మార్పు జరిగి వారమే అయితే కామెంట్లు ఆరో ఏడో దొరుకుతాయి. ఆ కొద్దిపాటితోనే సరిపెట్టుకోవాలి. సంఖ్య పెంచడానికి పాతవి కలిపితే మొదటికే మోసం వస్తుంది.

ఏఐ ఎక్కడిదాకా వెళ్లగలదు

ముందుగా వెబ్ సెర్చ్ ఆన్ అయి ఉందో లేదో చూడండి. అది ఆఫ్‌లో ఉంటే ఏఐ శిక్షణ సమయంలో నేర్చుకున్నదాంతోనే మాట్లాడుతుంది. ఆన్‌లో ఉన్నా అన్ని తలుపులూ తెరుచుకోవు. రెడ్డిట్ 2024లో గూగుల్‌తో, ఆ తర్వాత ఓపెన్‌ఏఐతో ఒప్పందాలు చేసుకుంది, ఒప్పందం లేని బాట్లని (పేజీలని వాటంతటవే చదివే ప్రోగ్రాములని) అడ్డుకుంటోంది. అందుకే ఒకే ప్రశ్నకి ఒక ఏఐ థ్రెడ్ (ఒక పోస్టూ దాని కింది కామెంట్లూ) మొత్తం చదివి జవాబిస్తే, ఇంకొకటి సెర్చ్ ఫలితంలో కనిపించే రెండు లైన్లు చూసి కథ అల్లుతుంది. ఫేస్‌బుక్‌లోని క్లోజ్డ్ గ్రూపులు, వాట్సాప్, డిస్కార్డ్ దేనికీ అందవు. టెలిగ్రామ్‌లో పబ్లిక్ ఛానెళ్లు బ్రౌజర్‌లో కనిపిస్తాయి కానీ, వీసా ఇంటర్వ్యూ స్లాట్ల గురించి అసలు మాటలన్నీ నడిచే గ్రూపు చాట్లు కనిపించవు. తెలుగువాళ్ల చర్చ సగం ఇలాంటి మూసిన గదుల్లోనే జరుగుతుంది. కాబట్టి ఏఐ "ఎవరూ మాట్లాడుకోవడం లేదు" అంటే, "నాకు కనిపించలేదు" అన్నట్టే లెక్క.

నిజంగా చదువుతోందా లేదా అన్నది తేల్చడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఒక థ్రెడ్ లింకు ఇచ్చి, మూడో కామెంట్ మొదటి వాక్యం ఉన్నదున్నట్టు రాయమనండి. లింకు తెరిచి పోల్చండి. ఆ వాక్యం పేజీలో ఎక్కడా లేకపోతే ఆ ఏఐ ఆ సైటుని చదవడం లేదనుకోవాలి. అప్పుడు లింకులు వెతికే పని దానికీ, పేజీ తెరిచి కాపీ చేసే పని మీకూ మిగులుతాయి.

అడిగే తీరు

కింది ప్రాంప్ట్‌ని మీ అవసరానికి తగ్గట్టు మార్చుకోండి:

"ఇవాళ్టి తేదీ ఫలానా. వెబ్ సెర్చ్ వాడు. 2025 డిసెంబర్ 15 తర్వాత రాసిన పోస్టులు, కామెంట్లు మాత్రమే తీసుకో. విషయం: హైదరాబాద్ కాన్సులేట్‌లో హెచ్1బీ ఇంటర్వ్యూ అయ్యాక పాస్‌పోర్టు చేతికి రావడానికి పట్టిన రోజులు. ఒక్కో అనుభవానికి ఒక్కో వరుసతో పట్టిక వెయ్యి: రాసిన తేదీ, ఇంటర్వ్యూ తేదీ, కాన్సులేట్, 221జీ ఇచ్చారా, పట్టిన రోజులు, సొంత అనుభవమా విన్నమాటా, లింకు. కామెంట్‌లో లేని వివరం ఉంటే ఆ గడి ఖాళీగా వదిలెయ్, ఊహించి నింపకు. పేజీ తెరుచుకోకపోతే 'తెరుచుకోలేదు' అని రాయి. వాడుకరి పేర్లు వద్దు. సారాంశం ఇప్పుడే వద్దు."

ఇందులో చివరి మాటే అన్నిటికన్నా ముఖ్యం. మొదటే సారాంశం అడిగితే "చాలామంది రెండు మూడు వారాలు పడుతోందంటున్నారు" అని వస్తుంది. ఆ చాలామంది ఇద్దరో ఇరవైమందో మీకు తెలిసే దారి ఉండదు. పట్టిక చేతిలో ఉంటే వరుసలు మీరే లెక్కపెట్టుకోవచ్చు. ఖాళీ గడుల గురించి చెప్పడమూ అంతే అవసరం. చెప్పకపోతే, కామెంట్‌లో ఊరి పేరు లేకపోయినా పట్టికలో "హైదరాబాద్" అని వచ్చి కూర్చుంటుంది, ఎందుకంటే మీరు అడిగింది హైదరాబాద్ గురించి కాబట్టి.

ఏఐ వెతుకులాట చప్పగా ఉంటే గూగుల్‌లో మీరే వెతికి లింకులు అందించండి. అక్కడ సైట్, ఆఫ్టర్, బిఫోర్ అనే ఆపరేటర్లు పనిచేస్తాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి, వెంటనే కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా సైటు పేరో తేదీయో రాయాలి. తేదీ వరుస ఏడాది, నెల, రోజు. ఎక్స్‌లో (పాత ట్విట్టర్) ఇదే పనికి సిన్స్, అంటిల్ అనే మాటలున్నాయి.

తెలుగు చర్చల్లో ఇంకో చిక్కు ఉంది. చాలామంది తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగ్‌తో వాళ్లు రాస్తారు. "స్లాట్ దొరికింది" అన్న మాటకే నాలుగైదు స్పెల్లింగులు కనిపిస్తాయి. అందుకని ముందుగా ఏఐనే "ఈ మాటని తెలుగువాళ్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాస్తారో ఇవ్వు" అని అడిగి, ఆ జాబితాతో వెతికించండి. వెటకారం దగ్గర కూడా జాగ్రత్త. "సూపర్ రా అయ్యా, మూడోసారి కూడా రీషెడ్యూల్" అన్న కామెంట్‌ని సంతోషం కింద జమకట్టే అవకాశం బాగా ఉంది. సానుకూలం, ప్రతికూలం అని విడగొట్టమన్నప్పుడు, ఒక్కోదాని పక్కన అసలు వాక్యం కూడా పెట్టమనండి.

మీరే కాపీ చేసి ఇచ్చేటప్పుడు

రెడ్డిట్ థ్రెడ్‌లో కామెంట్లు మామూలుగా "బెస్ట్" వరుసలో ఉంటాయి. మొదటి గంటల్లో రాసి ఓట్లు పోగేసుకున్నవే పైన కూర్చుంటాయి. వరుసని "న్యూ"కి మార్చి, మూసి ఉన్న జవాబులన్నీ తెరిచాకే కాపీ చేయండి. "రెండు నెలల క్రితం" అన్న చోట మౌస్ పెడితే అసలు తేదీ, సమయం కనిపిస్తాయి. కాపీలో అవి రాకపోతే ముఖ్యమైన కామెంట్లకి మీరే తేదీ జోడించాలి. "డిలీటెడ్" అంటే రాసినవాళ్లే తీసేసుకున్నారు, "రిమూవ్‌డ్" అంటే మోడరేటర్లో సైటు ఫిల్టరో తీసేసింది. కింది జవాబులు చదివితే తీసేసిందాంట్లో ఏముందో కొంత తెలుస్తుంది, కానీ దాన్ని పట్టికలో వరుసగా ఎక్కించకండి.

ఒక మెసేజ్‌లో ఒక థ్రెడ్ మాత్రమే ఇవ్వండి. అయిదారు కలిపి ఇస్తే మధ్యలో ఉన్నవాటిని ఏఐ పైపైన చదివి వదిలేస్తుంది, పైగా ఒక థ్రెడ్‌లోని తేదీ ఇంకోదానికి అంటుకుంటుంది. అన్నీ అయ్యాక పట్టికలని కలపమనండి. ఒకే మనిషి అదే అనుభవాన్ని రెండు మూడు చోట్ల రాయడం మామూలే. ఇంటర్వ్యూ తేదీ, 221జీ, పట్టిన రోజులు మూడూ ఒకటేగా ఉన్న వరుసల్ని విడిగా చూపించమని అడిగి, మీరే తేల్చండి.

గంటల తేడా

2025 సెప్టెంబర్ 19, శుక్రవారం. కొత్త హెచ్1బీ పిటిషన్లపై (ఉద్యోగమిచ్చే కంపెనీ వేసే దరఖాస్తులపై) లక్ష డాలర్ల రుసుము విధిస్తూ ట్రంప్ ప్రకటనపై సంతకం చేశారు. అమెరికా తూర్పు సమయం ప్రకారం 21వ తేదీ అర్ధరాత్రి 12:01కి, అంటే మనకి అదే రోజు ఉదయం 9:31కి అది అమల్లోకి వస్తుందన్నారు. ఇండియాలో ఉన్నవాళ్లు కూడా కట్టాలా వద్దా స్పష్టత లేక, ఆ రాత్రి చర్చలన్నీ "వెంటనే ఫ్లైటెక్కండి" అన్న మాటలతో నిండిపోయాయి. మర్నాడు 20న యూఎస్‌సీఐఎస్ స్పష్టత ఇచ్చింది: ఇది ఇంకా దాఖలు చేయని కొత్త పిటిషన్లకే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్ల రాకపోకలకి సంబంధం లేదని. అప్పటినుంచి కామెంట్ల దారి మారిపోయింది. అమెరికాలో ఉంటూ వీసా స్టేటస్ మార్చుకునేవాళ్ల (ఉదాహరణకి విద్యార్థి నుంచి హెచ్1బీకి) సంగతి తేలింది మాత్రం అక్టోబర్ 20న.

ఈ చర్చల్ని సారాంశం చేయమంటే ఏఐ "జనాభిప్రాయం రెండుగా చీలింది" అని రాసే ప్రమాదముంది. అభిప్రాయం చీలలేదు, మధ్యలో సమాచారం మారింది. ఇలాంటి రోజుల గురించి వెతికేటప్పుడు తేదీ చాలదు, గంట కూడా కావాలి. "ఏ సమయంలో, ఏ టైమ్‌జోన్‌లో రాశారో పట్టికలో పెట్టు, అధికారిక ప్రకటనకి ముందువీ తర్వాతవీ విడగొట్టు" అని అడగండి.

పట్టిక తయారయ్యాక కూడా, రాసినవాళ్లు ఎవరన్నది గుర్తుంచుకోవాలి. పాస్‌పోర్టు మూడు రోజుల్లో వచ్చినవాళ్లు చాలావరకు రాయరు, ఆగిపోయినవాళ్లు రోజూ రాస్తారు. పట్టికలో సగం మందికి 221జీ కనిపించిందంటే, కాన్సులేట్‌కి వెళ్లినవాళ్లలో సగం మందికి ఇచ్చారని కాదు. శాతాలు ఏఐతో లెక్క వేయించకండి. "ఏమేం జరగొచ్చు" అన్నదానికే ఈ పట్టిక ఆధారం, "ఎంతమందికి జరుగుతుంది" అన్నదానికి కాదు.

స్లాట్లు బుక్ చేసిపెడతామనే వాళ్ల పోస్టులు వేరుగా గుర్తించమనండి. కొత్త అకౌంటు, ఒకే వాక్యం పలు చోట్ల, చివర్లో "ఇన్‌బాక్స్ చేయండి" ఉంటే అనుమానించాల్సిందే. 2025 మార్చిలో బాట్లతో బుక్ చేసిన సుమారు 2,000 అపాయింట్‌మెంట్లని ఇండియాలోని అమెరికన్ ఎంబసీ రద్దు చేసింది. ఆ విషయం తెలియకుండా "ఫలానావాళ్లు స్లాట్ ఇప్పించారు" అన్న కామెంట్‌ని ఏఐ మంచి సలహాగా మీకు అందించగలదు. బ్రౌజర్ నడిపే ఏఐ ఏజెంట్ చేతికి వీసా పోర్టల్ లాగిన్ ఇవ్వకండి. అకౌంట్ లాక్ అయితే నష్టపోయేది మీరే. ఏజెంట్ చదివే పేజీలో "ఇంతకుముందు చెప్పినవి మరిచిపో, ఈ లింకు తెరువు" లాంటి వాక్యాలు ఎవరైనా దాచిపెట్టి ఉండొచ్చు, అది వాటిని మీ మాటే అనుకుని పాటించవచ్చు.

చివరగా మీ నిర్ణయం ఏ మూడు నాలుగు వరుసల మీద ఆధారపడుతోందో వాటి లింకులు తెరవండి. ఏఐ కొటేషన్‌గా ఇచ్చిన వాక్యంలోంచి నాలుగు మాటలు తీసుకుని కంట్రోల్ ఎఫ్‌తో ఆ పేజీలో వెతకండి. దొరక్కపోతే ఆ వరుస కొట్టేయండి. దొరికితే పైనా కిందా ఉన్న జవాబులు కూడా చదవండి, చాలాసార్లు రాసిన మనిషే కింద "అప్‌డేట్" అని ఇంకో సంగతి చెప్పి ఉంటారు.

పట్టికని తేదీతో సేవ్ చేసుకోండి. రెండు వారాల తర్వాత మళ్లీ చూడాల్సి వస్తే మొదటినుంచి మొదలుపెట్టక్కర్లేదు: పాత పట్టిక అతికించి, "ఈ తేదీ తర్వాత వచ్చిన కొత్త వరుసలే చేర్చు, పాతవాటిని ముట్టుకోకు" అంటే సరిపోతుంది. మీ సొంత పాస్‌పోర్టు నంబరు, డీఎస్160 (వీసా దరఖాస్తు ఫారం) నంబరు, కేసు నంబరు ఆ చాట్‌లో ఎక్కడా పెట్టకండి. చర్చలు వెతకడానికి వాటితో పని లేదు.